మేకు మాత్రం పీకకు

అమ్మకు,

నేనిక్కడ గుండ్రాయిలా ఉన్నాను. నువ్వు, నాన్న, మన షాపులో మూడు కుట్టుమిషన్లు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. వేళకు తింటున్నాను. చిక్కిపోలేదు, తప్పు ఆ ఫోటో తీసినవాళ్లది. "డాక్టరేటు కూడా అయిపోయిందిగా, ఇంకా ఈ చదువేంటే దానికి?" అని మేనత్త అడిగిందన్నావు. ఇది చదువు కాదని చెప్పు. పోస్ట్‌డాక్ అంటే యూనివర్సిటీలో పరిశోధన ఉద్యోగం. కాకపోతే ఉంచాలా, పంపాలా అని ఏడాదికోసారి తేలుస్తారు. మంచి పేపరు అచ్చయితే ఇంకో ఏడాది పొడిగిస్తారు, లేకపోతే సంచి సర్దుకోవడమే.

ఇక్కడ నా రాజ్యమల్లా ఒక బల్ల, ఒక స్టూలు, ఫ్రీజరులో రెండు అరలు. పక్క బల్ల అతన్ని 'గొణుగుడు' అంటాం. పొద్దస్తమానం తన సూక్ష్మజీవులతో తగువు పడుతుంటాడు. మొన్న "మీరు పెరక్కపోతే నా పెళ్లి ఆగిపోతుందర్రా" అని బతిమాలుతుంటే పడీపడీ నవ్వాను.

సరే, నసిగింది చాలు. అసలు సంగతి చెప్తాను, కూర్చుని చదువు.

నిరుడు సూక్ష్మజీవులు దాచే ట్యూబులు స్పిరిట్‌తో తుడుస్తుంటే రెండింటి మీద పెన్ను రాత చెరిగిపోయింది. మా పనిలో అందరికీ జరిగేదే. తొందరలో గుర్తున్న పేర్లు మళ్లీ రాసేశాను. పోయిన నెల ఎందుకో అనుమానమొచ్చి పరీక్ష చేశాను. రెండూ తారుమారు! మందుకు లొంగుతుందని నేను పేపర్లో రాసిన సూక్ష్మజీవి లొంగనే లొంగదు. లొంగదని రాసిందేమో చక్కగా లొంగుతుంది.

ఎవరికీ తెలియదమ్మా. మూడు రోజులు ఆ పరీక్షే మళ్లీ మళ్లీ చేశాను. పొడిగింపు కాగితం చేతికొచ్చాక చెప్దాంలే అని దొంగ ఆలోచన కూడా వచ్చింది. రాయడానికి సిగ్గేస్తోంది. నాలుగో రోజు నువ్వు గుర్తొచ్చావు. టీచరమ్మ "బాగానే ఉందిలే" అని జాకెట్టు తీసుకెళ్లిపోతుంటే, చంక దగ్గర కుట్టు వంకరపోయిందని వీధి చివరిదాకా పరిగెత్తి వెనక్కి లాక్కొచ్చావు కదూ.

వెళ్లి మా ప్రొఫెసరుకు చెప్పేశాను. ఆవిడ కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది.

"ఇది ఎవరూ కనిపెట్టేవాళ్లు కాదు, తెలుసా?"

"తెలుసండీ."

"పేపరు వెనక్కి తీసుకుంటే నీ పొడిగింపు కష్టం."

"అదీ తెలుసండీ."

పేపరు వెనక్కి తీసుకున్నాం. పొడిగింపు రాలేదు. ఉద్యోగం ఇంకా నాలుగు నెలలుంది. ఏడ్చాను, ఒక్కరోజే. ఇప్పుడు అంతా మొదటినుంచి చేస్తున్నాను. ప్రతి ట్యూబుకూ చెరగని చీటీ అంటించి, గొణుగుడు చేత కూడా పైకి చదివించి మరీ లోపల పెడుతున్నాను. నాలుగు నెలల్లో అవుతుందా అంటావేమో, ఎందుకవదు? అయితీరాలి. తరవాత ఇంకెక్కడో ఒక స్టూలు దొరక్కపోదు. దరఖాస్తులు పెడుతున్నాను, వాటిలో ఈ తప్పు కూడా దాచకుండా రాస్తున్నాను.

నాన్నకు నువ్వే మెల్లగా చెప్పు. మేనత్తకు నేను చెప్పుకుంటాను.

ఒక్క పని చేసిపెట్టమ్మా. నా పేపరు మొదటి పేజీకి ఫ్రేము కట్టించి షాపులో అద్దం పక్కన తగిలించావు కదా, కొలతలకు వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నావట కదా. దాన్ని దించెయ్. అందులో ఉన్నది తప్పు.

మేకు మాత్రం పీకకు.

ఇట్లు,
నీ మొండి కూతురు