ఎక్కువొచ్చిన స్క్రూ

అబ్బాయీ, ఇక్కడ నేనూ నీ కూతురూ బాగున్నాం, మీరూ మొహాలు మాడ్చుకోకుండా ఉన్నారనుకుంటాను.

పన్నెండో క్లాసుతో చాలు, కంప్యూటర్ రిపేరు ఆడపిల్లకి అబ్బదు, నెలాఖరుకి వెనక్కి తీసుకొచ్చెయ్ అన్నావు కదా. నిన్న రిపేరు క్లాసులో, నేను పక్కనే కూర్చుని ఉండగా, మన పిచ్చుక కంప్యూటర్ పెట్టె మొత్తం విప్పి మళ్ళీ బిగించింది. అన్నేసి బొమ్మలు లోపల ఎక్కడ దాక్కుంటాయో చూద్దామని నేనూ తొంగిచూశా. ఓ ఫ్యాను, పిడికెడు దుమ్ము, అంతే!

చెయ్యి ఊరుకోక, నా కళ్ళజోడుకి వదులైన స్క్రూ ఊడదీసి దాని బల్ల మీద పడేశా. "అయ్యో, ఒకటి మిగిలిపోయింది!" అని పెట్టె మళ్ళీ విప్పింది. "నడుస్తోంది కదమ్మా, వదిలెయ్" అని మాస్టారు అన్నా వినలేదు. ప్రతి కన్నం చూసుకుని, నా వైపు తిరిగి, "ఇంత సన్నదానికి ఇందులో చోటే లేదు. కళ్ళజోడు జేబులో ఎందుకు దాచావ్, తాతా?" అంది. క్లాసంతా ఘొల్లుమంది.

కాబట్టి పిల్లని తీసుకురాను, నువ్వు ఎన్నిసార్లు మూతి విరిచినా సరే. మీ అమ్మ రేడియో ఇంకా గరగరమంటోందా? ఎవరినీ ముట్టుకోనివ్వకు, లోపలేముందో పిచ్చుకా నేనూ చూడాలి. కోడలికీ బుడ్డోడికీ నా దీవెనలు.

కళ్ళజోడు కూడా అదే బిగించింది. ఈసారి నా అక్షరాలు వరుస తప్పలేదంటే దాని చలవే.

మీ నాన్న