రెండు గడియారాల గది

తేది 14, గురువారం

వదినగారికి మీ మరిది నమస్కరించి రాస్తున్నాను. ముందు మంచి కబురు: అన్నయ్య క్షేమం. వంతెన దాటి వచ్చేశాడు. మోకాలు చీరుకుపోయింది, అంతే. నిన్న ఫోనులో దొరికాడు. మీరు అల్లిన స్వెట్టరు అవతలి గట్టునే ఉండిపోయిందట, ఆ సంగతి మీకు నన్నే చెప్పమన్నాడు. శత్రువుకి భయపడడు గాని మీకు భయపడతాడు. ఈ ఉత్తరం సెలవు మీద వస్తున్న డ్రైవరు చేతికిస్తున్నాను, అందుకే ఇంత విప్పి రాయగలుగుతున్నాను.

నేను మాత్రం కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. మా కార్యాలయం ఒకప్పటి బడి. పటాల గదిలో మన సేనాపతీ, మిత్రదేశపు సేనాపతీ ఒకే బల్లకు చెరోవైపు కూర్చుంటారు. ఒకే ఒరలో రెండు కత్తులు. మనాయన ఎడ్డెమంటే ఆయన తెడ్డెం. గోడ మీద గడియారాలు కూడా రెండు. వాళ్లది మనదానికన్నా గంట ముందు. ఎవరి రాజధాని టైము వాళ్లది, ఎవరూ ముల్లు కదపరు. రెండింటికీ కీ ఇచ్చేదీ, ఉత్తర్వులు రెండు భాషల్లో టైపు చేసేదీ నేనే.

వంతెన నిలబెట్టాలని మనాయన, పేల్చేయాలని ఆయన, ఎనిమిది రోజులు వాదించుకున్నారు. సోమవారం మనాయనే తగ్గాడు. మర్నాడు సాయంత్రం ఆరు లోపల అన్నయ్య దళం ఇవతలికి రావాలి, ఆరింటికి మిత్రుల ఇంజనీర్లు వంతెన పేల్చాలి. ఇద్దరూ ఆరు అన్నారు, చేతులు కలిపారు. ఎవరి ఆరు అని ఎవరూ అడగలేదు. వాళ్ల ఆరంటే మనకి ఐదే. అప్పటికి అన్నయ్య ఇంకా అవతలి గట్టునే ఉంటాడు.

వంతెన వాళ్ల గడియారం ఏడింటికి పేలింది. వాళ్ల భాషలో వెళ్లిన ఉత్తర్వు కాగితంలో ఏడు అనే ఉంది. మనవాళ్లు అరవై మందీ దాటేశారు. కాని ఆ అదనపు గంటలో, వంతెన దగ్గర కాపలా ఉన్న మిత్రుల ఇంజనీర్లు ఇద్దరు శత్రువు కాల్పుల్లో పోయారు. వాళ్ల ఫొటోలు బల్ల మీద పెట్టారు. ఒకడికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు.

నిన్నటి నుంచి గదిలో ఒకటే రభస. మీవాళ్ల కోసం అంకె మార్చి మావాళ్లను బలిచ్చారని వాళ్ల సేనాపతి అంటాడు. మీలోనే ఎవరో తప్పు చేసి మా మీదికి నెడుతున్నారని మనాయన అంటాడు. శనివారానికి వాళ్ల సేనాపతి తన సేనను తీసుకుని వెళ్లిపోతాడట. వాళ్లు పోతే ఈ గట్టు రెండు రోజులు కూడా నిలవదు. అన్నయ్య ఉన్నది ఈ గట్టు మీదే. ఇంత గొడవలోనూ టైపు చేసినవాణ్ణి ఎవరూ అడగలేదు. పెద్దవాళ్లకి పెద్దవాళ్ల మీదే అనుమానం.

చిన్నదాని దగ్గు తగ్గిందా? కాచి చల్లార్చిన నీళ్లే పట్టండి.

ఇట్లు,
మీ మరిది

తా.క.: వదినా, ఆ ఏడు నేను కొట్టిందే. వేలు జారిందని చెప్పుకోవచ్చు, కాని జారలేదు. ఎవరి ఆరు అని నోరు తెరిచి అడగాల్సింది. అడిగితే మళ్లీ ఎనిమిది రోజుల గొడవ అని భయపడి, ఎవరికీ చెప్పకుండా అంకె మార్చాను. అన్నయ్య తప్ప ఆ పూట నాకింకెవరూ కనపడలేదు. రేపు పొద్దున ఎనిమిదింటికి సేనాపతులిద్దరి ముందూ నిలబడి చెప్పేస్తాను. వాళ్ల గడియారం ఎనిమిదికే వెళ్తాను. పోయిన ఆ ఇంజనీర్లిద్దరూ ఆ గడియారాన్ని నమ్మే వంతెన దగ్గర నిలబడ్డారు.