పచ్చపిట్ట పళ్ళు నూరిన వేళ

జూన్ 2

మా అక్క ఇద్దరు ఖైదీలను నా ఇంట్లో దించి ఆస్పత్రికి వెళ్ళింది. మోకాలి ఆపరేషన్, ఆపైన ఫిజియోథెరపీ. నెల దాటేలా ఉంది.

ఖైదీలంటే బడ్జీలు. గుప్పెట్లో ఇమిడిపోయే చిలకలు. నీలంది కలెక్టర్. ఛాతీ విరుచుకుని కొమ్మ మీద ఆ చివర నుంచి ఈ చివరకు తనిఖీకి వచ్చినట్టు నడుస్తుంది. పచ్చది సణుగు. తెల్లారింది మొదలు తనలో తాను ఏదో సణుక్కుంటూనే ఉంటుంది. పేర్లు అక్క పెట్టినవే.

పంజరాల మీద నేను రాసినన్ని వ్యాసాలు ఈ భాషలో ఇంకెవరూ రాసి ఉండరు. బడి పంజరం, పెళ్ళి పంజరం, ఆఫీసు పంజరం. అన్నీ చదివిన మనిషే తెచ్చి సరిగ్గా నా రాతబల్ల పక్కన పంజరం పెట్టింది.

అక్క డ్రిల్లు టీచరుగా రిటైరైంది. ఏం చెప్పినా విజిల్ ఊదినట్టే ఉంటుంది. కింద ఆటో ఆగి ఉంది, గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడి గడగడా జాగ్రత్తలు చెప్పేసింది. నీళ్ళు మార్చాలి, ఫ్యాన్ తగలకూడదు, గిన్నెలో ఏదో చెయ్యాలి. అదే సమయంలో నేను, పిట్టల్ని బంధించే సరదా ఏ వర్గానికి ఎలా పుట్టిందో వివరిస్తున్నాను. ఇద్దరం ఒకేసారి మాట్లాడాం. మా ఇంట్లో ఎప్పుడూ ఇంతే. ఒకరు ఆగి వినడమంటే ఓడిపోయినట్టు లెక్క.

జూన్ 4

అక్క ఫోన్. ఆపరేషన్ బాగా జరిగిందట. ఆ మాట ఒక్క ముక్కలో తేల్చేసి రెట్ట చూశావా అని అడిగింది. ముదురాకుపచ్చగా ఉండి మధ్యలో తెల్లచుక్క ఉంటే ఆరోగ్యమట. నీళ్ళలా ఉంటే తేడా అట. తాగునీటి హక్కు మీద వ్యాసం మధ్యలో ఉన్నాను, రెట్టల పరిశీలనకు తీరిక లేదన్నాను. వ్యాసానికి తొందర లేదు, రెట్ట ఆరిపోతుంది అంది.

జూన్ 7, సాయంత్రం

ఇవాళ ఒక సంగతి కనిపెట్టాను. పొద్దు వాలగానే రెండూ పై కొమ్మ మీద ఒక కాలు ముడుచుకుని పక్కపక్కన కూర్చున్నాయి. కాసేపటికి గరగరమని సన్నటి చప్పుడు. దేనికది పైముక్కును కిందిముక్కుకేసి నూరుకుంటోంది. పక్షులకు పళ్ళుండవు కానీ ఇది ముమ్మాటికీ పళ్ళు నూరడమే. ఒళ్ళు జలదరించింది. అంత చిన్న ఒంట్లో అంత కోపం.

జూన్ 10

సణుగు సణగడం మానేసింది.

కొమ్మ దిగి పంజరం అడుగున కూర్చుంది. ఈకలు ఉబ్బించుకుని ఉన్ని బంతిలా అయింది. నేను దగ్గరకు వెళితే కళ్ళు మూసుకుంటుంది. ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందకీ ఊగుతోంది, కోపం పట్టలేక ఊగినట్టు. గిన్నె నిండా గింజలు. ముట్టడం లేదు. కలెక్టర్ మాత్రం అక్క వేలాడదీసి వెళ్ళిన కొర్రకంకిని అంటిపెట్టుకుని దీన్ని రానివ్వకుండా పొడుస్తున్నాడు. ఎక్కడైనా కలెక్టర్లు అంతే.

ఇది నిరాహారదీక్ష. నాకు దీక్షలు కొత్తా?

జూన్ 11

ఒక్క బిగిన కాలమ్ రాసేశాను. "నిండిన గిన్నె." చూసింది చూసినట్టు రాశాను: నూరిన పళ్ళు, ముడిచిన కాలు, ఉబ్బిన ఈకలు, మూసిన కళ్ళు, ఊగే తోక, ముట్టని గింజలు, ఆ మౌనం. ఎడిటర్ చదివి ఒక్క కామా కూడా మార్చనన్నాడు. నా రాతల్లో కామాలు తప్ప ఏమీ పట్టని మనిషి.

జూన్ 13, ఉదయం

కాలమ్ వచ్చింది. ఫోన్ మోగుతూనే ఉంది. కాలేజీ పిల్లల సంఘం ఒకటి అప్పుడే పోస్టర్ వేసేసింది. పచ్చపిట్ట, పక్కన నిండిన గిన్నె. వచ్చే వారం సభలో మాట్లాడాలట. ఒప్పుకున్నాను.

అదే రోజు, మధ్యాహ్నం

అక్క ఫోన్ చేసింది. నువ్వు బాగా రాశావని అంటుందేమోనని ఒక క్షణం ఎదురుచూశాను కూడా.

"ఉపన్యాసం, నువ్వు రాసింది వ్యాసం కాదే. కేస్ షీటు. అది చచ్చిపోతోంది." ఉపన్యాసం అన్నది అక్క నాకు చిన్నప్పుడు పెట్టిన ఎగతాళి పేరు. ఎగతాళి లేకుండా ఆ పేరు పిలవడం ఇదే మొదటిసారి విన్నాను.

ముక్కు నూరడం కోపం కాదట. కడుపు నిండి, భయం లేక, నిద్ర కమ్ముకొస్తున్నప్పుడు చేసే చప్పుడట. ఒక కాలు ముడుచుకోవడమూ నిశ్చింతేనట. ఆ రెండూ నేను జైలు లక్షణాలని రాశాను. ఇక ఉబ్బడం, అడుగున కూర్చోవడం, తోక ఊగడం. ఇవి కనిపించిన గంటలోనే డాక్టర్ దగ్గరకు పరిగెత్తాల్సింది పోయి పేపర్ దగ్గరకు పరిగెత్తావు అంది.

గిన్నె నిండుగానే ఉందన్నాను. గింజలున్నా తినకపోతే నేనేం చేసేదన్నాను.

"గిన్నెలోకి ఊదు" అంది.

ఊదాను. గింజలన్నీ లేచిపోయాయి. బల్ల మీద, టైపు చేసిన కాగితాల మీద, నా జుట్టులో. అంతా పొట్టు. ఈ పిట్టలు గింజ ఒలుచుకు తిని పొట్టు మళ్ళీ గిన్నెలోనే వదిలేస్తాయి. గిన్నె అడుగు తళతళా మెరిసింది.

గుమ్మంలో నిలబడి అక్క చెప్పింది ఇదే. రోజూ పొట్టు ఊదెయ్యి, కొత్త గింజలు పొయ్యి అని. అప్పుడు నేను వర్గచరిత్ర చెబుతున్నాను.

ఆకలి మీద ఇన్నేళ్ళు రాశాను. దీక్ష చేస్తున్నది పిట్ట కాదు. తిండి పెట్టనిది నేను.

జూన్ 13, సాయంత్రం

పక్షుల డాక్టరమ్మ సణుగును అరచేతిలోకి తీసుకుని రొమ్ము తడిమింది. ఎముక కత్తి అంచులా తగులుతోందట. నన్నూ తడిమి చూడమంది. చూశాను. ఆకలితో నీరసించింది, దానిపైన జబ్బు చేసింది. ఇవి జబ్బును దాచిపెడతాయట. గుంపులో నీరసంగా కనిపించినదాని మీదకే డేగ దిగుతుంది కాబట్టి, ఒంట్లో శక్తి ఉన్నంతసేపూ బాగున్నట్టు నటిస్తాయట. మనకు తెలిసేసరికి నటించే ఓపిక కూడా అయిపోయిందని అర్థం.

రేపటికి ఉంటుందో లేదో చెప్పలేనంది. కాలమ్ చదివానని కూడా అంది. ఆపైన మందు ఎలా పొయ్యాలో చూపించింది. తిట్టి ఉంటే బాగుండేది.

జూన్ 14

ఉంది.

అట్టపెట్టె, మెత్తటి గుడ్డ, పక్కన బల్బు. వెచ్చగా ఉండాలి. మందు చుక్కలుగా ముక్కు పక్క నుంచి పొయ్యాలి. రుమాల్లో చుట్టి పట్టుకుంటే బరువే లేదు. మామూలుగా ఐతే ఈపాటికి వేలు కొరికెయ్యాలట. కొరకడం లేదు. నానబెట్టిన గింజలు ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టాను. రెండు తీసుకుని కళ్ళు మూసుకుంది. పోనివ్వను. అంతే. ఇందులో చర్చ లేదు.

జూన్ 15

ఫిజియోథెరపిస్టు నాకు ఫోన్ చేసి మొరపెట్టుకున్నాడు. మా అక్క మెట్లెక్కే ఎక్సర్‌సైజు చెయ్యనంటోందట. పిట్ట కొమ్మెక్కేదాకా తనూ మెట్లెక్కదట. మోకాలు బిగుసుకుపోతుందండీ, కొంచెం చెప్పండి అన్నాడు. నేను చెప్తే వినే మనిషైతే నా ఇంట్లో పంజరమే ఉండేది కాదన్నాను. ఇప్పుడు నా నెత్తిన ఇద్దరు పేషెంట్లు.

జూన్ 16

పొద్దున్నే కరెంటు పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ మరమ్మతు, సాయంత్రం దాకా రాదన్నారు. బయట ముసురు, గదిలో చలి. పెట్టె పైట కింద పెట్టుకుని వీధి చివరి జిరాక్స్ షాపుకు వెళ్ళాను. అక్కడ ఇన్వర్టర్ ఉంది. బల్బు పెట్టుకోనివ్వమంటే షాపతను ఇది పిట్టల ఆస్పత్రి కాదమ్మా అన్నాడు. ఇన్నాళ్ళూ నా కరపత్రాలన్నీ ఎక్కడ కాపీలు తీయించానో గుర్తు చేశాను. స్టూల్ వేశాడు. మెషీన్ వెచ్చదనం కూడా కలిసొచ్చింది. నా వ్యాసాల వల్ల సణుగుకు జరిగిన మొదటి మేలు.

జూన్ 17

ఇవాళ మందు పోస్తుంటే కొరికింది. రక్తం వచ్చింది. ఎంత సంతోషమో.

జూన్ 18

ఎడిటర్‌తో పోట్లాట. ఉన్నదున్నట్టు సవరణ వెయ్యాలన్నాను. అతను నవ్వి, పిట్ట సంగతి ఎవడికి కావాలండీ, అది ఇప్పుడొక సింబల్, జనం కదిలారు, చెడగొట్టకండి అన్నాడు. ఇలాంటి మాటలు ఎదుటి పక్షం వాళ్ళ నోట విని ఎన్నిసార్లు చీల్చి చెండాడానో.

"సింబల్‌కి ఆకలెయ్యదు. పిట్టకేస్తుంది" అన్నాను.

పోనీ మూలన రెండు లైన్లు వేస్తానన్నాడు. అబద్ధం ఎంత చోటులో వచ్చిందో నిజమూ అంత చోటులో రావాలి, లేదంటే నా కాలమ్ ఇంక ఉండదన్నాను. ఆలోచిస్తానన్నాడు. ఆలోచించుకో. నాకు మందు టైమైంది.

జూన్ 20

వచ్చింది. అదే పేజీ, అదే చోటు. "ఆ పిట్ట దీక్ష చెయ్యలేదు. నేను గిన్నె నింపలేదు" అని మొదలుపెట్టాను. పంజరం తప్పన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఎందుకు తీసుకోవాలి? పంజరం తప్పే. అందులో ఉన్నదాన్ని చూడకుండా దాని తరఫున మాట్లాడటమూ తప్పే.

కాలేజీ పిల్లలు పోస్టర్ తీసేసి సభకు వేరే వక్తను పిలుచుకున్నారు. నేనంటే పడనివాళ్ళు పండగ చేసుకుంటున్నారు. ఈవిడ పేదల ఆకలి మీద రాసినవీ ఇలాగే రాసి ఉంటుందని ఒకడు పోస్టు పెట్టాడు. జవాబు రాయబోయాను. ఆగాను. ఆ పాత వ్యాసాలన్నీ తీసి చదువుతున్నాను. కొన్నిటికి వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, కూర్చుని, విని రాశాను. కొన్నిటికి వెళ్ళలేదు. వెళ్ళాలి.

జూన్ 22

రెట్ట: ముదురాకుపచ్చ, మధ్యలో తెల్లచుక్క. అక్కకు ఫోన్ చేసి చెప్పాను. ఫొటో పంపమంది. పంపాను. నా ఫోన్‌లో ఇలాంటి ఫొటో ఉంటుందని ఎవరైనా చెప్పి ఉంటే వాళ్ళ మీద వ్యాసం రాసేదాన్ని.

జూన్ 24

డాక్టరమ్మ బాగుందంది, పంజరంలోకి మార్చవచ్చంది. వదిలేస్తే ఎగిరిపోయి సుఖపడదా అని అడిగాను. పంజరంలో పుట్టి పెరిగిన పిట్టలు, సాయంత్రంలోగా కాకి ఎత్తుకుపోతుందంది. వాదించాను. ఓడిపోయాను. ఐతే గదినే వాటికిచ్చేస్తానన్నాను. కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి, పంజరం తలుపు పగలంతా తెరిచి పెట్టాను. కలెక్టర్ బయటకొచ్చి నా డిక్షనరీ మీద తనిఖీ చేశాడు. సణుగు మాత్రం ఇంకా అడుగునే ఉంది. కింద కొమ్మ వైపు చూస్తోంది. ఎక్కడం లేదు.

జూన్ 26

కింద కొమ్మ.

ఫిజియోథెరపిస్టు నుంచి మెసేజ్: మేడమ్ ఒక మెట్టు ఎక్కారు, రెండోది అడిగితే పై కొమ్మ సంగతి కనుక్కోమన్నారు.

జూన్ 28, పొద్దు వాలాక

పై కొమ్మ. ఒక కాలు ముడిచింది. పక్కన కలెక్టర్. ఫోన్ పంజరం దగ్గర పెట్టి, నేను నోరు మూసుకుని నిలబడ్డాను. అవతల అక్క కూడా మాట్లాడలేదు.

గరగర. పచ్చపిట్ట పళ్ళు నూరుతోంది.

"ఇంకాసేపు వినిపించవే, మెట్ల దగ్గరే ఉన్నాను" అంది అక్క.