అది అమ్మ అన్న మాటే

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీకు చెప్పాల్సిన సంగతి ఒకటి ఈరోజే జరిగింది.

ఎన్నికల్లో మన నాయకుడికి నువ్వు రాసిచ్చిన ఉపన్యాసం మద్రాసు పత్రికలోంచి దొంగిలించిందని ఎదుటి పక్షంవాళ్లు అన్నప్పుడు, ఆయన నిన్ను వెనకేసుకురాలేదు. "ఆ బడిపంతులే కాపీ కొట్టి ఇచ్చినాడు" అని తప్పించుకున్నాడు. ఆ తర్వాత నువ్వు మళ్లీ ఎవరికీ రాయలేదు.

ఈరోజు దొరవారిసత్రం సభలో ఆయన ఆ ఉపన్యాసంలోని మాటే మళ్లీ చెప్పాడు. "చెరువు ఎండితే రైతు ఆకాశంకేసి చూస్తాడు. పులికాట్ ఎండితే మేమెవరికేసి చూడాల?" జనం చప్పట్లు కొట్టారు. అమ్మ చేపల గంప పక్కన పెట్టి లేచి నిలబడింది.

"అయ్యా, అది నేనన్న మాట. నా నోట విని నా కొడుకు రాసినాడు. వాణ్ణి దొంగన్నారే, ఈరోజు మీరెట్టా చెప్తున్నారు?"

ఆయన మైకు పట్టుకుని తల వంచుకున్నాడు. "నిజమేనమ్మా. మీవాడు దొంగ కాదు. ఆరోజు నేను భయపడినాను" అన్నాడు.

తిరిగి వస్తుంటే బస్సులో అమ్మ గంప ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"మీ అన్న ఉండుంటే కొంగు లాగి నన్ను కూర్చోబెట్టేవాడు" అంది. "అయినా కూర్చునేదాన్ని కాదులే."

నీ చెల్లెలు