బోర్లా తిప్పనివ్వని పూట

చెల్లీ,

ఫోనులో చెబుదామంటే కోడలు పక్కనే ఉంటోంది. అందుకే కలం పట్టాను.

వెంటిలేటరు మీదున్న అబ్బాయిని బోర్లా పడుకోబెడతామని, సంతకం చేయమని నిన్న పొద్దున డాక్టరు అడిగాడు. అప్పటికి కోడలు ఊరి నుంచి ఇంకా రాలేదు.

“ఊపిరాడని బిడ్డను బోర్లానా? దేవుడి మీద భారం వేశాను, వద్దు నాయనా” అన్నాను.

“వెల్లకిలా ఉంటే వీపువైపు ఊపిరితిత్తులు అణిగిపోతాయి పెద్దమ్మా, తిప్పితే తెరుచుకుంటాయి” అని నర్సు సాయంత్రం దాకా బతిమాలితే అప్పుడు పెట్టాను సంతకం. గొట్టం కదలకుండా ఐదుగురు కలిసి తిప్పారు. ఆక్సిజన్ ఎనభై నుంచి తొంభైకి ఎక్కింది. గండం ఇంకా గడవలేదు.

“పొద్దున్నే తిప్పితే ఈ డాక్టర్ల సొమ్మేం పోయింది అత్తయ్యా?” అని కోడలు మండిపడుతుంటే, వద్దన్నది నేనేనని దాచాను.

వాడు కళ్లు తెరిచాక నేనే చెబుతాను. అంతదాకా ఈ కాగితం ఎవరికీ చూపకు. చింపెయ్యకు కూడా.

మీ అక్క