బాదం చెట్టు తీసేసిన చోట

జూన్ 3
బాదం చెట్టు పోయింది. లోపలంతా చెదలు. పడితే మా పడగ్గది మీదే పడేది, అందుకే కొట్టించాను. మొద్దును మెషీన్‌తో పొట్టు పొట్టు చేసి వెళ్ళారు. గోతి నిండా అదే.

జూన్ 4
వాకింగ్ నుంచి వస్తూ మా ఆవిడ మా గేటు దాటి వెళ్ళిపోయింది. చెయ్యి పట్టుకుని ఆపితే, ఇది మనిల్లు కాదు, మనింటి ముందు బాదం చెట్టుంటుంది అంది. పేర్లన్నీ ఎప్పుడో మరిచిపోయింది, కన్నకూతురి పేరుతో సహా. ఇంటికి గుర్తుగా ఆ చెట్టొక్కటే మిగిలిందని నాకు తెలియలేదు. తెలిసుంటే కప్పు కూలినా ఊరుకునేవాణ్ణి.

జూన్ 7
అక్కడే ఇంకో బాదం మొక్క పెట్టాను. పాత చెట్టు పొట్టే మట్టిలో కలిపాను. దాని సారం దీనికొస్తుంది కదా.

జూన్ 25
నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆకులు పసుపు రంగుకి తిరిగి రాలిపోయాయి. నర్సరీ అమ్మాయి వచ్చి చూసి తల పట్టుకుంది. పచ్చి పొట్టు కుళ్ళేటప్పుడు మట్టిలో బలమంతా అదే లాగేసుకుంటుందట. మొత్తం తీసెయ్యాలట. లోతుగా తవ్వి, కంపోస్టు కలిపి, పచ్చిరొట్ట ఎరువుకి జనుము గింజలు చల్లి, అది పూతకి రాకముందే కోసి మట్టిలో కలిపి కుళ్ళనివ్వాలట. వానలు వెళ్ళాక నాటుకోమంది. అంత టైమ్ మాకుందో లేదో డాక్టరే చెప్పలేకపోతున్నాడు.

జూలై 2
అది మట్టి కాదు, సిమెంటు. ఇల్లు కట్టినప్పటి ఇటుక ముక్కలన్నీ అక్కడే పూడ్చారు. నడుం పట్టేసింది.

జూలై 19
జనుము మొలిచింది. మా ఆవిడ నా పేరు అడిగింది. చెప్పాను. బాగుందంది.

ఆగస్టు 30, సాయంత్రం
జనుము కోసి మట్టిలో కలిపేశాను. పొద్దస్తమానం పెరట్లో, వాకిట్లో ఏదో ఒకటి గీకుతూనే ఉంటున్నాను. నేను లోపలుంటే మా ఆవిడ చెప్పులేసుకుని తలుపు దగ్గర నిలబడి ఇంటికి తీసుకెళ్ళమంటుంది. ఇదే మనిల్లంటే బిక్కచచ్చిపోయి చూస్తుంది. నిజం చెప్పాలంటే ఆ చూపుకి భయపడే బయటికి పారిపోతున్నాను. తవ్వుతూ ఏడుస్తున్నాను. చెమటనుకుంటారులే.

అక్టోబర్ 9
మట్టి గుప్పిట్లో పిండితే ముద్దవుతోంది, వేలితో తాకితే విడిపోతోంది. వానపాములు కూడా వచ్చాయి. నర్సరీ అమ్మాయి ఓకే అంది. చాలా రోజులకి తిండి సయించింది.

అక్టోబర్ 10
కొత్త బాదం మొక్క నాటి లేచేసరికి మా ఆవిడ మంచినీళ్ళ గ్లాసుతో వచ్చింది. నేను తాగేదాకా నిలబడింది. గేటు వైపోసారి చూసి గొంతు తగ్గించింది. మొక్కని పెరటి వైపు పెట్టమంది. ఇక్కడుంటే వాళ్ళాయన కొట్టించేస్తాడట.

అలాగేనమ్మా అన్నాను.