నిండుగా అమ్మ

ప్రియమైన మామయ్యకి,

అటక మీదున్న నీ పాత ప్రొజెక్టర్‌ని పెద్దమ్మ నాకిచ్చేసింది. ఉద్యోగానికి వెళ్ళిపోయే ముందు నువ్వు అమ్మని తీసిన రీలు కూడా దాంతోపాటే ఇచ్చింది. మా ఆయన బెల్టు మార్చి, బల్బు వేసి తిప్పాడు. గోడకి దుప్పటి కట్టుకుని చూశాం.

పెళ్ళి ఫోటోలో అంత నిండుగా ఉన్న అమ్మ ఇందులో చీపురుపుల్లలా ఉంది మామయ్యా. మొహం కోలగా లాక్కుపోయింది. ఏడాది పిల్లనైన నన్ను ఎత్తుకోలేక తూలుతోంది. ఫిల్ము పాతబడి సాగిందేమోనని మా ఆయన అన్నాడు. నన్ను ఊరడించడానికి ఆయన ఏదైనా అంటాడు. చివరికి నా మూడు చక్రాల బండి కూడా అదో రకంగా ఉంది, చక్రాలు కోడిగుడ్ల ఆకారంలో. అలాంటి బండి నీకెవరు అమ్మారు?

నాకిప్పుడు అయిదో నెల. నన్ను కన్నాకే అమ్మ అలా చిక్కిపోయిందా? అందుకేనా, తర్వాత ఒక్క జ్వరానికే తట్టుకోలేకపోయింది? డాక్టరమ్మ నేను బాగానే ఉన్నానంటోంది. అయినా ముద్ద దిగడం లేదు. పెద్దమ్మని అడిగితే కళ్ళు తుడుచుకుంటుంది తప్ప నోరు విప్పదు. నువ్వైనా దాచకుండా చెప్పు.

నీ పిడుగు


ప్రియమైన పిడుగూ,

నీ ఉత్తరం సగం చదివేసరికి షాపు వదిలి నీ దగ్గరికి బయల్దేరదామనుకున్నాను. కోడిగుడ్డు చక్రాల దగ్గరికి వచ్చాక మాత్రం పకపకా నవ్వాను. మా కళ్ళజోళ్ళ షాపులో కొత్త జోడు పెట్టుకుని అద్దంలో చూసుకుంటున్న ఒకావిడ, తన మొహం చూసే నవ్వానని అలిగి వెళ్ళిపోయింది.

మీ అమ్మ చిక్కలేదే తల్లీ. ఆ రోజు నేను కెమెరా ముందు ఒక వెడల్పు లెన్సు బిగించాను. గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పట్టాలని నా సరదా. ఆ లెన్సు దృశ్యాన్ని రెండు పక్కల నుంచీ నొక్కి, ఇరుకు ఫిల్ములో కూరుతుంది. దాన్నే ప్రొజెక్టర్ ముందు పెట్టి చూస్తే, నొక్కిందంతా మళ్ళీ విచ్చుకుంటుంది. లెన్సు నాతో వచ్చేసింది, రీలు మీ దగ్గర ఉండిపోయింది. అది లేకుండా చూస్తే పహిల్వాను కూడా పుల్లలాగే కనిపిస్తాడు.

ఇన్నాళ్ళూ షాపులో కాగితాలు ఎగిరిపోకుండా ఆ లెన్సునే బరువుగా పెట్టుకున్నాను. తుడిచి పంపిస్తున్నాను. బరువైంది, ప్రొజెక్టర్‌కి వేలాడదీయకు. దాని ముందు విడిగా ఒక స్టాండు పెట్టమని అల్లుడికి చెప్పు.

అన్నం తిను.

మామయ్య


ప్రియమైన మామయ్యకి,

లెన్సు వచ్చింది. మా ఆయన చెక్కతో స్టాండు చేశాడు, నువ్వు చెప్పినట్టే బిగించాం. అమ్మ ఇంకా సాగింది. తల పైకప్పుకి, కాళ్ళు నేలకి. గది మధ్య నిలబెట్టిన కర్రలా ఉంది. నేను ఆమె చంకలో సొరకాయలా వేలాడుతున్నాను.

నువ్వు చెప్పింది నమ్మి రెండు పూటలా తిన్నాను. ఇప్పుడు మళ్ళీ మొదటికొచ్చింది. నా భయం పోగొట్టాలని కథ అల్లావు కదూ? చిన్నప్పటి నుంచీ ఈ ఇంట్లో అందరూ నాకు అమ్మ గురించి తీపి మాటలే చెప్పారు. నాకు తీపి వద్దు. నాకు అమ్మ కావాలి, ఎలా ఉంటే అలా.

పిడుగు


ఒసేయ్ పిడుగూ,

లెన్సుని అడ్డం తిప్పి బిగించారు, మొగుడూ పెళ్ళాలిద్దరూ. అది పక్కలకి లాగాల్సింది పోయి పైకీ కిందకీ లాగింది. పావు చుట్టు తిప్పండి. తిప్పాక మనుషులు ఓ పక్కకి ఒరిగి కనిపిస్తారు. అమ్మ వెనక గుమ్మం ఉంది చూడు, అది నిట్టనిలువుగా నిలబడే దాకా కొంచెం కొంచెంగా సవరించు. ముందు ప్రొజెక్టర్ ఫోకసు, తర్వాత లెన్సు ఫోకసు. బట్టలు కత్తిరించే దానివి, వంకర నీకు తెలియదా?

నా మాట నమ్మక్కర్లేదు. నీ కళ్ళనే నమ్ము.

మామయ్య


ప్రియాతిప్రియమైన మా మామయ్యకి,

తిప్పాం. గుమ్మం నిలబడింది. గెలిచాం మామయ్యా.

బొమ్మ దుప్పటి దాటి, రెండు పక్కలా గోడ మీదకి, అల్మరా తలుపు మీదకి పారింది. మా ఆయన రీలు ఆపేశాడు. మధ్యాహ్నమంతా కూర్చుని తెల్లటి అస్తరు గుడ్డ రెండు పన్నాలు కలిపి కుట్టాను, కుట్టు కనపడకుండా ఇస్త్రీ కూడా చేశాను. గోడంతా పరిచి, పెద్దమ్మని కూర్చోబెట్టి, కిటికీలు మూసి మొదలుపెట్టాం.

అమ్మ లావుగా ఉంది. చేతులు లావు, నడుము లావు, నవ్వితే మెడ దగ్గర మడత. అచ్చం నాలాగే ఉంది. మా కుట్టు షాపులో కొలతలు తీసుకునే టేపు నా నడుముకి చాలదని అందరూ ఏడిపిస్తారు కదా, ఆ నడుము ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది. తూలుతోందన్నానే, అది తూలడం కాదు. నన్ను ఒంటిచేత్తో ఎత్తి గిరగిరా తిప్పుతోంది. ఎంత బలం మామయ్యా. నేను నోరంతా తెరిచి నవ్వుతున్నాను.

పెద్దమ్మ లేచి వెళ్ళి తెర మీద చెయ్యి పెట్టింది. "ఇదీ, ఇదీ మా చెల్లెలు. మేం దాన్ని బండమ్మా అని పిలిచేవాళ్ళం" అంది. పెద్దమ్మ అమ్మ గురించి ఏడవకుండా మాట్లాడటం నా జన్మలో ఇదే మొదటిసారి. ఆపకుండా చీకటి పడేదాకా చెప్పింది. జ్వరం వచ్చే ముందు రోజు కూడా అమ్మ నీళ్ళ బిందె భుజం మీద పెట్టుకుని మేడెక్కిందట. నా వల్ల అమ్మకి ఏమీ కాలేదు. ఇది రాస్తుంటేనే చెయ్యి తేలికవుతోంది.

మా ఆయన తెరని చూసి, నన్ను చూసి, "ఇంత గట్టి మనిషి కూతురివి, ఇంక నాకు బెంగ లేదు" అన్నాడు. డాక్టరమ్మ బరువు మరీ పెరగకుండా చూసుకోమంది. తల ఊపి వచ్చి కడుపునిండా తిన్నాను.

నెలలు నిండాక కెమెరా పట్టుకుని రా మామయ్యా. ఆ లెన్సుతోనే వెడల్పుగా తియ్యి. బిడ్డని ఎత్తుకుంటే నేనెలా ఉంటానో నాకు తెలుసు, చూశాను.

నీ బండమ్మ కూతురు